అచ్చు చెప్పే అసలు మాట

పంజగుట్టలో ఓ పాత ఇల్లు. బీరువా సర్దుతుంటే నానమ్మ పెళ్లినాటి పట్టుచీర మడతల్లోంచి ఓ కాగితం జారి కిందపడింది. తీసి చూస్తే నోటు. మధ్యలో మడత, మూల కాస్త చిరిగింది. మీదంతా ఉర్దూ.

‘‘నానమ్మా, ఇదేం నోటు? పాకిస్థాన్‌దా?’’ అన్నాడు ఇంజినీరింగ్ చదివే మనవడు.

‘‘పాకిస్థాన్ది ఎందుకైతదిరా? మనదే, హాలీ సిక్కా నోటు. మీ ముత్తాతకు మొదటి జీతంల వచ్చింది. ఖర్చు పెట్ట బుద్ధికాక దాచుకున్నడు’’ అంది ఆవిడ.

కుర్రాడికి హుషారొచ్చింది. ఫోనులో వెతికాడు. ‘పాత నోటు ఉందా? లక్షలు మీవే’ అంటూ బోలెడు ప్రకటనలు. ఫొటో పంపగానే జవాబొచ్చింది... ‘ముందు రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి’ అని. సరే, అది తర్వాత చూద్దాం, ముందు నోటును అందంగా తయారు చేద్దామనుకున్నాడు. ఇస్త్రీ పెట్టెతో మడత తీసేసి, అమీర్‌పేటలో సర్టిఫికెట్లకు లామినేషన్ చేసే షాపులో ఇచ్చేస్తే సరి!

అదృష్టం బాగుండి మెట్ల మీద పై వాటా అంకుల్ ఎదురయ్యారు. ముప్పయ్యేళ్లు ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసి రిటైరైన మనిషి. సంగతి వినగానే ఆయన ముఖం మారిపోయింది. ‘‘ఇస్త్రీ చేస్తే సగం చచ్చిపోతుంది బాబూ. లామినేషన్ చేస్తే పూర్తిగా పోతుంది. ముందు ఆ నోటును చదవడం నేర్చుకో’’ అన్నారు.

నోటును చదవడమంటే దాని మీదున్న అక్షరాలు చదవడం కాదు. దాని అచ్చును చదవడం. పాత నోట్లు సేకరించేవాళ్లు మొట్టమొదట చేసే పని అదే.

అమీర్‌పేట... అచ్చుల ప్రదర్శనశాల

అచ్చుల్లో రకాలు తెలుసుకోవాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ దిగి మైత్రీవనం వైపు నాలుగడుగులు వేస్తే చాలు. కోచింగ్ సెంటర్ల వాళ్లు చేతిలో పెట్టే రంగుల కరపత్రం ఆఫ్‌సెట్ అచ్చు. షాపుల్లో దొంతరలుగా పేర్చిన స్టడీ మెటీరియల్ జిరాక్సు. తలపైన వేలాడే బ్యానరు ఫ్లెక్సీ. బంధువులింటి నుంచి వచ్చిన శుభలేఖ మీద కాస్త ఉబ్బెత్తుగా ఉండే బంగారు అక్షరాలు చాలావరకు స్క్రీన్ ప్రింటింగ్. చూడ్డానికి అన్నీ అచ్చులే. కానీ భూతద్దం పెడితే దేని కథ దానిదే.

కరపత్రం మీద సినిమా తార బుగ్గను భూతద్దంలో చూడండి. బుగ్గ మాయమై చుక్కలు కనిపిస్తాయి. నీలం, గులాబీ, పసుపు, నలుపు... నాలుగు రంగుల చుక్కలు పువ్వుల్లా గుంపుకట్టి ఉంటాయి. కలర్ జిరాక్సయితే పొడి చల్లినట్టుంటుంది. ఇంక్‌జెట్ ప్రింటరయితే రంగు తుంపరలు పడ్డట్టుంటుంది.

మరి పాత నోటు? దాంట్లో చుక్కల పువ్వులు ఉండవు. గీతలుంటాయి. ఆకుపచ్చ కనిపించిన చోట ఆకుపచ్చ సిరాతోనే వేసిన గీత, నీలం ఉన్నచోట నీలం సిరా గీత. వెంట్రుకకన్నా సన్నగా ఉన్నా తెగకుండా సాగుతుంది. అందుకే ఆ పూలు, లతలు, వలల్లాంటి అల్లికలు ఇప్పటికీ అంత తేటగా కనిపిస్తాయి.

వేలికి తగిలే సిరా

నోట్ల అచ్చులో పెద్దపీట ఇంటాగ్లియోది. పేరు కొత్తగా ఉన్నా పని సులువుగానే అర్థమవుతుంది. లోహపు పలక మీద బొమ్మను గాడులుగా చెక్కుతారు. పలకంతా సిరా పూసి పైపైన తుడిచేస్తారు. గాడుల్లో ఉన్న సిరా మాత్రం మిగులుతుంది. దాని మీద కాగితం పెట్టి గట్టిగా నొక్కితే, కాగితం ఆ గాడుల్లోకి దిగి సిరాను అంటించుకుని పైకి వస్తుంది. ఆరాక అక్కడ చిన్న గట్టులా ఉంటుంది. చూపుడువేలు మెల్లగా ఆనిస్తే గరుకుగా తెలుస్తుంది. గాడి లోతుగా ఉంటే సిరా చిక్కగా, ముదురుగా పడుతుంది. నిస్సారంగా ఉంటే పలచగా పడుతుంది. రాజుగారి ముఖంలో వెలుగునీడలు చుక్కల్లేకుండా గీతలతోనే రావడం వెనక రహస్యం ఇదే.

పాత రోజుల్లో ఈ పద్ధతిలో అచ్చేయడానికి కాగితాన్ని ముందుగా తడిపేవారు. ఆరాక అది కాస్త ముడుచుకునేది. అందుకే ఒకే రకం నోట్లు రెండు పక్కపక్కన పెడితే కొలతలో రవంత తేడా రావచ్చు. తేడా ఉంది కదాని నకిలీ అనేస్తే పొరపాటే.

రెండోది ఆఫ్‌సెట్. ఇందులో పలక మీదున్న బొమ్మ ముందు రబ్బరు దుప్పటి మీదికి, దాని నుంచి కాగితం మీదికి దిగుతుంది. సిరా పలచగా, చదునుగా ఉంటుంది. వేలికి ఏమీ తగలదు. నోటు వెనక నేపథ్యంలో కనిపించే లేతరంగు అల్లికలకు ఇది బాగా నప్పుతుంది.

మూడోది లెటర్‌ప్రెస్. ఒకప్పుడు మన ఊళ్లలో పెళ్లి కార్డులు, బిల్లు పుస్తకాలు అచ్చేసిన పద్ధతే. ఉబ్బెత్తుగా ఉన్న అచ్చు నేరుగా కాగితాన్ని కొడుతుంది. ఆ దెబ్బకు సిరా అక్షరం అంచులకు తోసుకొచ్చి సన్నటి గట్టు కడుతుంది. నోటు తిప్పి చూస్తే వెనకవైపు అంకె నొక్కు కనిపిస్తుంది. నోట్ల నంబర్లు ఎక్కువగా ఇలా పడినవే. ఒక్కోటి మారిపోయే అంకెను మిగతా బొమ్మతోపాటు పలక మీద చెక్కలేరు కదా! అందుకే నంబరు వేరే పోటులో పడుతుంది. అప్పుడప్పుడూ నంబరు కాస్త పక్కకు జరిగి ఉండటానికి కారణం కూడా అదే.

అంకుల్ చెప్పింది ఇదే. ఇస్త్రీ పెట్టె నోటు మీద నడిస్తే ఆ చిన్నచిన్న గట్లన్నీ అణిగిపోతాయి. మడతతోపాటు ప్రాణమూ పోతుంది. ఉతికి ఇస్త్రీ చేసిన నోటును తెలిసినవాళ్లు చేత్తో పట్టుకోగానే కనిపెట్టేస్తారు. కాగితం నీరసంగా, రంగు వెలిసిపోయినట్టు, అచ్చు చదునుగా ఉంటుంది. మడతలున్న నోటు కన్నా అలా ‘బాగుచేసిన’ నోటుకే విలువ తక్కువ.

నాణెం సైఫాబాద్‌ది... నోటు లండన్‌ది

ఇక నానమ్మ చెప్పిన హాలీ సిక్కా సంగతి. సొంత కాగితపు నోట్లు వేసిన సంస్థానాలను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో పెద్దది హైదరాబాద్. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో వెండికి కరువొచ్చింది. వెండి రూపాయలు చాలినన్ని కొట్టించడం కష్టమైంది. అప్పుడే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ హయాంలో 1918లో కాగితపు కరెన్సీ చట్టం వచ్చింది. మొదట 10, 100 రూపాయల నోట్లు, 1919లో 1, 5 రూపాయలవి, 1926లో 1000 రూపాయల నోటు విడుదలయ్యాయి. దీనికి ఉస్మానియా సిక్కా అని పేరు. బ్రిటిష్ ఇండియా 6 రూపాయలకు ఇది దాదాపు 7 రూపాయల లెక్క.

నిజాం నాణేలను ఇక్కడే కొట్టేవారు. పంజగుట్ట నుంచి ఖైరతాబాద్ మీదుగా వెళితే వచ్చే సైఫాబాద్ టంకశాల 1903 నుంచి పనిచేసింది. 2022లో అక్కడ మ్యూజియం కూడా తెరిచారు. అయితే నోట్లు మాత్రం ఇక్కడ అచ్చుకాలేదు. మొదట్లో లండన్‌లోని వాటర్‌లో అండ్ సన్స్ కంపెనీ అచ్చేసి ఓడల్లో పంపేది. తర్వాత్తర్వాత ఆ పని నాసిక్‌కు మారింది. భారత ప్రభుత్వం నాసిక్‌లో సెక్యూరిటీ ప్రెస్సును 1925లో, కరెన్సీ నోట్ ప్రెస్సును 1928లో పెట్టింది. అందుకే హైదరాబాద్ నోట్లు తిరగేసేవాళ్లు ఇది లండన్ అచ్చా, నాసిక్ అచ్చా అని కూడా చూస్తారు.

నిజాం నోట్లలో ఉర్దూతోపాటు ఇంగ్లిషు, తెలుగు, మరాఠీ, కన్నడ అక్షరాలూ ఉంటాయి. ఇన్ని లిపులను అంత చిన్న జాగాలో, ఎక్కడో లండన్‌లో కూర్చుని చెక్కడం మాటలా! సంవత్సరం ఫస్లీలో ఉంటే దానికి 590 గానీ 591 గానీ కలిపితే మన లెక్క వచ్చేస్తుంది.

సంతకాలూ ఆసక్తికరమే. 1940ల్లో సంస్థాన ఆర్థికశాఖ చూసిన గులాం మహమ్మద్ సంతకంతో నోట్లున్నాయి. ఆయన 1951లో పాకిస్థాన్ గవర్నర్ జనరల్ అయ్యారు. ఆయన తర్వాత సంతకం చేసిన జాహిద్ హుస్సేన్ 1948లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ పాకిస్థాన్ తొలి గవర్నర్ అయ్యారు. నోటు ఒకటే, సంతకం మారితే చరిత్ర మారిపోతుంది.

సముద్రం మింగిన నోట్లు

హైదరాబాద్ నోట్లలో అన్నింటికన్నా చిత్రమైనవి సంతకం లేనివి. వాటి వెనక ఓ ఓడ కథ ఉంది.

1922 మే 20న ఎస్.ఎస్. ఈజిప్ట్ అనే ఓడ లండన్ నుంచి బొంబాయి వస్తూ ఫ్రాన్స్ తీరానికి దగ్గర్లో పొగమంచులో మరో ఓడను ఢీకొని మునిగిపోయింది. అందులో పెద్దమొత్తంలో బంగారం, వెండి ఉన్నాయి. వాటితోపాటు నిజాం ప్రభుత్వం కోసం అచ్చేసిన నోట్లూ ఉన్నాయి. ఓడ వంద మీటర్లకు పైగా లోతున పడింది. అప్పటి పరికరాలతో అంత లోతుకు దిగడం గొప్ప సాహసం. పదేళ్లకు, 1932లో ఇటలీకి చెందిన ఆర్టిగ్లియో ఓడ బృందం బంగారం పైకి తీసింది. బంగారం కోసం వెతుకుతున్నవాళ్లకు హైదరాబాద్ నోట్లూ దొరికాయి!

పదేళ్లు ఉప్పునీళ్లలో నానినా వాటి మీద అచ్చు ఇంకా కనిపిస్తూనే ఉంది. ఎలా? నోట్ల కాగితం చెట్ల గుజ్జుతో చేసింది కాదు, నూలు, నార పీచుతో చేసింది. సిరా నూనెతో కలిపినది. నీళ్లకు కరగదు. అదే మన ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్‌తో తీసిన కాగితం మీద నాలుగు చినుకులు పడితే చాలు, రంగులన్నీ ఒకదాంట్లో ఒకటి కలిసిపోవచ్చు. (అలాగని ఇంట్లో ఉన్న నోటును నీళ్లలో ముంచి పరీక్షించకండి!)

ఆ నోట్లకు సంతకం లేదంటే ఓడ ఎక్కేనాటికి ఆ అచ్చు ఇంకా పడలేదన్నమాట. బొమ్మ ఒకచోట, సంతకం మరో పోటులో... నోటు తయారీ ఎన్ని మెట్లలో సాగేదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలి? సముద్రపు మరకలు, తినేసిన అంచులు ఉన్నా సేకర్తలు వాటిని కోరి తీసుకుంటారు. మామూలు నోటుకు లోపమైన మరక ఈ నోటుకు జాతకం.

పైన పడిన ముద్ర

ఉన్న నోటు మీద మరో మాట అచ్చేసి కొత్త నోటుగా వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. 1937లో బర్మా మన దేశం నుంచి విడిపోయినప్పుడు నోట్ల మీద ‘బర్మాలో మాత్రమే చెల్లును’ అన్న అర్థంతో ఇంగ్లిషు మాటలు అచ్చేశారు. ఉత్తరాంధ్ర నుంచి రంగూన్ వెళ్లి పనిచేసిన కుటుంబాల పెట్టెల్లో ఇలాంటివి కనిపిస్తే ఆశ్చర్యపోనక్కర్లేదు. 1948లో పాకిస్థాన్ కోసం కూడా మన నోట్ల మీదే ఆ ప్రభుత్వం పేరు అచ్చేసి ఇచ్చారు. 1959లో గల్ఫ్ దేశాల్లో వాడకానికి రంగు మార్చి, నంబరు ముందు జెడ్ అక్షరంతో వేరే నోట్లు వేశారు. బొమ్మ అదే, రంగు వేరు.

మోసానికి తావుండేది ఇక్కడే. మామూలు నోటు మీద ఆ నాలుగు మాటలు కొత్తగా అచ్చేస్తే ధర పెరుగుతుంది కదా! అలాంటప్పుడు నోటు అసలుదే అయినా ముద్ర నకిలీ. భూతద్దంలో చూస్తే ఆ అక్షరాల సిరా మడత గీతల్లోకి, అరిగిన చోట్లలోకి పారి ఉంటుంది. ముందు నలిగిన కాగితం మీద తర్వాత అచ్చు పడిందని అర్థం. అసలు ముద్రయితే కాగితంతోపాటే అదీ అరుగుతుంది, మడత దగ్గర అదీ చిట్లుతుంది.

ఇంకో పరీక్ష నీలికాంతి టార్చి. దుకాణాల్లో నోట్లు చూడ్డానికి వాడతారే, అదే. ఇప్పటి జిరాక్సు కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనం వల్ల ఆ కాంతిలో నీలంగా మెరుస్తుంది. ఇవి కాగితంలో వాడకంలోకి వచ్చింది దాదాపు 1950 ప్రాంతంలో. అంతకుముందు నోటు అలా ధగధగలాడిందంటే అనుమానించాల్సిందే. ఆఖరుగా వెలుతురుకు ఎత్తి పట్టి జలచిహ్నం చూడాలి. అసలుదయితే కాగితం మందంలోనే తేడా ఉంటుంది. నకిలీలో లేతరంగుతో పైన అచ్చేసినట్టుంటుంది.

మన దేశంలో నకిలీల భయం కొత్తది కాదు. 1861 చట్టంతో ప్రభుత్వం తెచ్చిన విక్టోరియా రాణి బొమ్మ నోట్లకు నకిలీలు ఎక్కువైపోయే 1867 నుంచి వేరే రకం తేవాల్సి వచ్చింది. 1996లో మహాత్మాగాంధీ వరుసలో చూపులేనివారు తడిమి గుర్తుపట్టేలా ఇంటాగ్లియో గుర్తులు చేర్చారు. వేలికి తగిలే అచ్చు వారికి అక్షరాలా కన్నే.

లక్షల మాట నమ్మొద్దు

పాత నోటు కనిపించగానే లక్షలు వస్తాయనుకోవడం పొరపాటు. ఎంత అరుదు, ఎంత శుభ్రంగా ఉంది, ఎవరి సంతకం, ఎక్కడి అచ్చు... ఇవన్నీ కలిస్తేనే ధర. నిజంగా కొనేవాడు నోటు చూసి డబ్బిస్తాడు, మన దగ్గర ముందుగా ఫీజు అడగడు. పాత నోట్లు, నాణేల కొనుగోళ్ల పేరుతో, పైగా తమ పేరు వాడుకుని ఫీజులు, పన్నులు వసూలు చేస్తున్నారని రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో జనాన్ని హెచ్చరించింది. అలాంటి లావాదేవీల్లో తమకు సంబంధం లేదనీ, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదనీ స్పష్టం చేసింది.

2016లో రద్దయిన 500, 1000 రూపాయల నోట్లు దాచుకునేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. 2017 నాటి చట్టం ప్రకారం అవి మామూలుగా పదికి మించి, అధ్యయనం కోసమో సేకరణ కోసమో అయితే ఇరవై అయిదుకు మించి ఉంచుకోకూడదు.

సేకరణంటే డబ్బే కాదు, చదువు కూడా. ఇదే పంజగుట్టలోని నిమ్స్‌లో మెదడు శస్త్రచికిత్సలు చేసిన డాక్టర్ డి.రాజారెడ్డి పాత నాణేల పరిశోధకుడిగానూ పేరు తెచ్చుకున్నారు. చూసే కన్నుంటే వృత్తి ఏదైనా ఒకటే.

ఇక దాచుకునే పద్ధతి. చేతులు కడుక్కుని, తుడుచుకుని అంచులు పట్టుకోవాలి. సెల్లోటేపు అంటించకూడదు. జిగురు పసుపుపచ్చని మరకగా మారి కాగితంలోకి దిగిపోతుంది. స్టాప్లరు పిన్ను తుప్పుపడుతుంది. పీవీసీ కవర్లు వద్దు, నోట్ల కోసమే వచ్చే పాలిస్టర్ కవరు మేలు. ఎండ, చెమ్మ తగలనివ్వకూడదు. లామినేషన్ మాత్రం ఎప్పుడూ వద్దు. వేడికి కరిగిన ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతే మళ్లీ విడదీయడం అసాధ్యమనే చెప్పాలి.

అంకుల్ తన పాత భూతద్దం తెచ్చి బల్ల మీద పెట్టారు. కుర్రాడు వంగి చూశాడు. చుక్కల్లేవు, గీతలున్నాయి. వెనక్కి తిప్పితే నంబరు నొక్కు కనిపించింది. నోటు అసలుదే. అయితే మడతలు, చిరుగు ఉన్నాయి కాబట్టి లక్షలు కాదు కదా, పెద్ద ధరేం పలకదని అంకుల్ ముందే చెప్పేశారు. ఫోనులో ఫీజు అడిగినవాడి నంబరును కుర్రాడు బ్లాక్ చేశాడు.

‘‘మరి ముత్తాతకు ఉర్దూ వచ్చా నానమ్మా?’’

‘‘యాడొచ్చు? గీ తెలుగు ముక్కొక్కటే చదువుకునేటోడు’’ అంటూ ఆవిడ నోటు మీద ఓ మూల వేలు చూపించింది. మనవడు భూతద్దం అక్కడికి జరిపాడు. సన్నటి తెలుగు అక్షరాలు, ఒక్క గీతా తెగకుండా.

నోటు మళ్లీ బీరువాలోకి వెళ్లింది. ఈసారి చీర మడతల్లోకి కాదు, పారదర్శకమైన కవర్లోకి. ఇస్త్రీ పెట్టె మాత్రం నానమ్మ చీరకే పరిమితమైంది.